మంచంలో తల్లి, వాకిట్లో పంచాయితీ

 

ఈ పాఠం ముసలి తల్లిదండ్రుల గురించి. వాళ్ళని గౌరవించాలి, ప్రేమగా చూడాలి అని చెప్పడానికి రాయడం లేదు. ఆ మాట తెలియనివాళ్ళు మనలో లేరు. అమ్మని ఎవరు ఉంచుకోవాలి, నాన్న మందులకి ఎవరు పెట్టాలి, ఇల్లు ఎవరి పేరున రాయాలి అన్న దగ్గర మాటలు మానేసిన అన్నదమ్ములు, రాకపోకలు ఆపేసిన అక్కచెల్లెళ్ళు మన పేటల్లో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. విహారంలో పక్కపక్కన కూర్చుని త్రిశరణాలు చెబుతారు, బయటికొచ్చి చెరో దారిన పోతారు. ఆ తగువు తీర్చుకోవడం ఎలా, ఎవరిని కూర్చోబెట్టుకుని తీర్చుకోవాలి అన్నదే ఈ పాఠం.

ముందు మనందరికీ తెలిసిన ఒక తగాదాతో మొదలుపెడదాం.

సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు వదిలాడు? ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి బెంబేలెత్తి అర్ధరాత్రి వెళ్ళిపోయాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఒక మనిషి ముసలితనాన్ని చూడకుండా ఉంటాడా అన్నది ఆయన ప్రశ్న. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన చూపించిన కారణం రోహిణీ నది నీళ్ళ తగాదా. నదికి ఇటు శాక్యులు, అటు కోలియులు. ముందు నీళ్ళు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఏటా గొడవే. ఒక ఏడు అది పెద్దదై రెండువైపులా దెబ్బలు తగిలాయి. శాక్య సంఘంలో సేనాపతి యుద్ధం చేద్దామన్నాడు. సిద్ధార్థుడు ఒప్పుకోలేదు. మనవాళ్ళు కూడా చెయ్యి చేసుకున్నారని విన్నాను, ముందు విచారించండి అన్నాడు. తర్వాత ఒక దారి చెప్పాడు. మనవైపు నుంచి ఇద్దరు, వాళ్ళవైపు నుంచి ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎంచుకున్న అయిదో మనిషి. ఈ అయిదుగురూ కూర్చుని తగవు తీర్చాలి. సంఘం ఓట్లు వేసి ఆ మాటను తోసేసింది. ఆ ఓటమి నుంచే మన కథ మొదలైంది.

ఆ అయిదో మనిషి గురించే నేను చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. అతను ఎవరి మనిషీ కాదు, అయినా రెండువైపులా నమ్మి ఎంచుకున్న మనిషి. మన ఇళ్ళల్లో తగాదా వస్తే అలాంటివాణ్ణి వెతుకుతామా? వెతకం. అన్న తన సంఘం పెద్దని తెచ్చుకుంటాడు, తమ్ముడు తన బావమరిదిని తెచ్చుకుంటాడు, చెల్లెలికి తెచ్చుకోవడానికి ఎవరూ ఉండరు. సేనాపతులు తప్ప అయిదో మనిషి ఉండని పంచాయితీలు మనవి.

నేను అలాంటి ఒక పంచాయితీలో పెద్దమనిషిగా కూర్చున్నాను. దాన్ని చెడగొట్టిన ముగ్గురిలో నేనొకణ్ణి. అందుకే రాస్తున్నాను. పేర్లు, ఊరు చెప్పను.

తల్లికి డెబ్భై దాటాయి. కూలికి పోయి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. స్నానాల గదిలో జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మళ్ళీ సరిగ్గా నడవలేదు. పెద్దకొడుకు పట్నంలో మాస్టారు, అంబేడ్కర్ జయంతి అంటే జిల్లాలో ముందుండే మనిషి. చిన్నకొడుకు ఊళ్ళో ఆటో నడుపుతాడు. తల్లి పేరున ఉన్న కాలనీ ఇంట్లోనే భార్యాపిల్లలతో ఉంటాడు. కూతురు హైదరాబాదులో నాలుగిళ్ళల్లో పని చేసుకుంటుంది.

మొదట్లో వంతులు పెట్టుకున్నారు. పెద్దాయన దగ్గర ఒక నెల, చిన్నాయన దగ్గర ఒక నెల. మన ఊళ్ళల్లో వంతులంటే ఏమిటో తెలిసిందే. ముప్పయ్యో తారీఖు సాయంత్రానికి ముసలామె బట్టల మూట కట్టుకుని గుమ్మంలో కూర్చోవాలి. ముప్పయ్యొకటి ఉన్న నెలలో ఆ మిగిలిన రోజు ఎవరిదన్న దగ్గర కూడా మాటలు వచ్చాయని ఆమె తర్వాత నాతో నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. తుంటి విరిగాక మూడో అంతస్తు ఎక్కించలేమని పెద్దకొడుకు వంతు ఆగిపోయింది. అక్కణ్ణుంచి తగువు ముదిరింది. తమ్ముడు అమ్మ పింఛను నాలుగు వేలు తినేస్తున్నాడని అన్న. అన్న డబ్బులు ఒక నెల పంపితే రెండు నెలలు మర్చిపోతాడని తమ్ముడు. చూస్తున్నది నేనే కాబట్టి ఇల్లు నా పేరున రాయాలని కూడా తమ్ముడి పట్టు. నాకూ వాటా ఉంది అని కూతురు ఫోన్లో అన్నందుకు ఇద్దరన్నలూ కలిసి ఆమె మీద లేచారు. వాళ్ళిద్దరూ ఏకమైన విషయం అదొక్కటే.

ఒక ఆదివారం వందన అయ్యాక విహారంలోనే కూర్చోబెట్టాం. ముగ్గురం పెద్దలం, చుట్టూ నలభై మంది. మాస్టారు లేచి సిగాలోవాద సుత్తం మీద పది నిమిషాలు మాట్లాడాడు, చాలా బాగా మాట్లాడాడు. తమ్ముడికి మాటలు రావు. కోపం వచ్చింది. అందరి ముందూ అన్నని బూతు మాట అన్నాడు. మేం తమ్ముణ్ణి తప్పుపట్టాం. క్షమాపణ చెప్పించాం. తల్లిని ఇకముందు కూడా నువ్వే చూడు, అన్న నెలకి మూడు వేలిస్తాడు అని తీర్పు చెప్పి లేచాం. ఆ నెల నుంచి తమ్ముడు విహారానికి రావడం మానేశాడు. అన్న ఇచ్చిన మూడు వేలు రెండు నెలలు నడిచి ఆగాయి.

ఎక్కడ తప్పు చేశామో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ రోజు కూర్చున్న నలభై మందిలో ఆ తల్లి లేదు. ఇంట్లో మంచం మీద ఉంది. ఆమెకి ఉచ్చలు, దొడ్లు ఎత్తుతున్న చిన్నకోడలూ లేదు, అత్తని వదిలి రావడం కుదరలేదు. కూతురు లేదు. తగువు ఎవరి గురించో ఆ మనిషిని, ఎవరి రెక్కల మీద నడుస్తుందో ఆ మనిషిని అడగకుండానే తీర్పు చెప్పాం.

వినయ పిటకంలో భిక్షువుల తగాదాలు తీర్చడానికి ఏడు పద్ధతులున్నాయి. మొదటిది సమ్ముఖ వినయం. తగాదాలో ఉన్నవాళ్ళు అందరూ ఎదురుగా ఉండాలి, వాళ్ళు లేనిచోట తేల్చకూడదు. రెండున్నర వేల ఏళ్ళ కిందటి నియమం. అంతమంది ఉపాసకులం కూర్చుని దాన్నే తప్పాం. ఏడో పద్ధతి పేరు తిణవత్థారకం, అంటే గడ్డి పరచడం. రెండువైపులా అనరాని మాటలు చాలా అనుకున్నప్పుడు ఒక్కొక్కటీ తవ్వి తీస్తే గొడవ పెరుగుతుంది. అలాంటప్పుడు వాటిమీద గడ్డి కప్పి ముందుకు పోవాలి. పదేళ్ళ కిందట పెళ్ళిలో పెట్టని చీర దగ్గర్నుంచి తవ్వుకునే మన కుటుంబాలకి ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. కానీ గడ్డి కప్పడానికి రెండువైపులా ఒప్పుకోవాలి. ఒకవైపు నోరు నొక్కి మనం కప్పితే అది గడ్డి కాదు, మట్టి.

మనం మాస్టారు చెప్పిన సిగాలోవాద సుత్తానికి వద్దాం. ఆయన సగమే చెప్పాడు. మనమందరం సగమే చెబుతాం. రాజగృహంలో సిగాలుడనే గృహస్థు కొడుకు తడిబట్టలతో ఆరు దిక్కులకీ మొక్కుతుంటే, బుద్ధుడు ఆ దిక్కులకి కొత్త అర్థం చెప్పాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు. వాళ్ళు నన్ను పోషించారు, నేను వాళ్ళని పోషించాలి, వాళ్ళ పనులు చెయ్యాలి, వారసత్వానికి తగినట్టు బతకాలి, ఇలా పిల్లలకి అయిదు బాధ్యతలు. ఇది ఒక సగం. తల్లిదండ్రులకీ అయిదున్నాయి. చెడు నుంచి ఆపడం, మంచిలో నిలపడం, పని నేర్పడం, తగిన సంబంధం చూడటం, సమయం వచ్చినప్పుడు ఆస్తి అప్పగించడం. ఆరు దిక్కుల్లో ఏ దిక్కు తీసుకున్నా బాధ్యత రెండువైపులా ఉంది. అప్పుమీద వడ్డీ వసూలు చేసినట్టు తల్లిదండ్రులు అడగమనీ లేదు, పిల్లలు తూకం వేసి ఇవ్వమనీ లేదు.

రోగుల సంగతిలోనూ ఇంతే. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువుని బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టిన సంఘటన మహావగ్గంలో ఉంది, మనం తరచూ చెప్పుకుంటాం. దాని వెంటే ఉన్న భాగాన్ని చెప్పుకోం. సేవ చేయించుకోవడం కష్టమైన రోగి ఎలా ఉంటాడో అక్కడే ఉంది. పడనిది తింటాడు, మోతాదు తెలియదు, మందు వేసుకోడు, బాధ ఎక్కువైందో తగ్గిందో చూసేవాళ్ళకి చెప్పడు, నొప్పికి ఓర్చుకోడు. షుగరు ఉండి కూడా కోడలు చూడకుండా మనవడి చేత మిఠాయి తెప్పించుకునే తాతలు ఈ మాట వినాలి. సేవ చేసే మనిషి కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న ధమ్మం మనది. పెద్దవాళ్ళ మాటకి ఎదురులేదని చెప్పే మనుధర్మం మనది కాదు.

ఇక సిగ్గు సంగతి. సంయుత్త నికాయంలో ఒక ముసలి బ్రాహ్మణుడు చినిగిన బట్టతో బుద్ధుడి దగ్గరికి వస్తాడు. నలుగురు కొడుకులు, భార్యల మాట విని తనని ఇంట్లోంచి గెంటేశారంటాడు. బుద్ధుడు అతనికి కొన్ని గాథలు నేర్పి, కొడుకులు కూడా కూర్చున్న సభలో చదవమంటాడు. కొడుకుల కంటే చేతికర్ర నయం అని వాటి అర్థం. కొడుకులు సిగ్గుపడి తండ్రిని తీసుకెళ్ళి కొత్త బట్టలు కట్టబెడతారు. నలుగురిలో పెట్టి నిలదీయాలనేవాళ్ళు ఈ కథే చూపిస్తారు. నేనూ చూపించేవాణ్ణి. కానీ గమనించండి. అక్కడ సభలో మాట్లాడింది ఆ తండ్రే, ఇంకెవరో అతని తరఫున కాదు. పైగా ఆ కొడుకులకి ఇల్లూ ఉంది, బట్టలూ ఉన్నాయి. మనస్సే లేదు. గదికి గది చాలని కాలనీ ఇంట్లో, దినం కూలి పోతే పొయ్యి వెలగని చోట, సిగ్గు ఒక్కటే పనిచెయ్యదు. మన విహారంలో సిగ్గుపడ్డ తమ్ముడు ఇంటికెళ్ళి తల్లి మీద అరిచాడు.

ఏడు నెలల తర్వాత కూతురే కదిలింది. తను పనిచేసే ఇంట్లో ఎవరో చెబితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టింది. నోటీసు అందగానే అన్నలిద్దరూ చెల్లెలు కోర్టుకెక్కింది అని మండిపడ్డారు. అది కోర్టు కేసు కాదు, మధ్యవర్తి దగ్గరికి పిలుపు. ఈ తేడా మనలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తేల్చడు. మన పెద్దమనుషులకీ అతనికీ అసలు తేడా ఇదే. అతను రెండువైపులా కుటుంబానికి బంధువు కాకూడదు, ఎవరి దగ్గరా ఏమీ ఆశించకూడదు. కోర్టుల దగ్గరుండే మధ్యవర్తులకి నలభై గంటల శిక్షణ ఉంటుంది. లాయర్లే ఎక్కువమంది. అక్కడ అన్న మాటలు బయటికి పోవు, రేపు కోర్టులో సాక్ష్యంగా వాడరు. నచ్చకపోతే లేచి రావచ్చు. అందరూ ఒప్పుకుంటేనే కాగితం మీద పెడతారు. ఆ ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా రాయిస్తే దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం వస్తుంది, దానిమీద అప్పీలు ఉండదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1990 నుంచి బౌద్ధం తీసుకున్న ఎస్సీలకి కూడా ఎస్సీ హోదా ఉంది కాబట్టి మనకీ వర్తిస్తుంది. ఏ మతమని రాయించుకున్నా ఆడమనిషికి ఎలాగూ ఉంది. సహాయానికి 15100కి ఫోన్ చెయ్యవచ్చు.

ఆ రోజు నేను కూడా వెళ్ళాను, వరండాలో కూర్చోవడానికి మాత్రమే. తల్లిని చిన్నకొడుకు తన ఆటోలోనే దుప్పటి పరిచి తీసుకొచ్చాడు. మధ్యవర్తి ఒక లాయరమ్మ. ముందు అందరికీ కలిపి రెండు మాటలు చెప్పి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుంది. ఆస్తి గురించి అడగలేదట. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా అమ్మకి ఎవరు ఏం చేస్తున్నారో గంట గంటకీ చెప్పమందట. కాగితం మీద గీతలు గీసి రాసుకుందట. మాస్టారు రెండు నిమిషాల్లో ముగించాడు. చిన్నకోడలు ముప్పావుగంట మాట్లాడింది.

బయటికొచ్చాక ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇది. "మా అత్తని చూడనని నేనెప్పుడూ అనలేదన్నా. చూస్తన్నావని ఒక్కళ్ళన్నా అనలేదు. ఆ రోజు విహారంలో మీరన్నా అన్లేదు."

నేనేం మాట్లాడలేదు.

ఆ కాగితాన్ని తర్వాత అందరి మధ్యా పెట్టి చదివించారు. రాత్రికి మూడుసార్లు లేవాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మాస్టారికి ఇవేవీ తెలియవు. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. పింఛను లెక్క కూడా తేలింది. ఒకటో తారీఖున సచివాలయం నుంచి వచ్చి చేతిలో పెట్టే నాలుగు వేలల్లో సగానికి పైగా డైపర్లకీ మందులకీ పోతోంది. తినేస్తున్నాడన్న మాట అక్కడ ఆగింది.

తల్లిని ఆఖర్న అడిగారు. నీకేం కావాలమ్మా అంటే మూడు చెప్పింది. నా ఇంట్లోనే ఉంటాను, వంతులొద్దు. పింఛను నా చేతికి రావాలి, మనవరాలికి పది రూపాయలిచ్చే దానికీ అడుక్కోలేను. మూడోది ఎవరూ అనుకోనిది. ఆమె ఇప్పటికీ ఆదివారం ప్రార్థనకి పోయే మనిషి, పోలేనప్పుడు పాస్టరుగారే ఇంటికొస్తాడు. పెద్దకొడుకు ఇంట్లో ఉన్న నెలల్లో పాస్టరుగారిని రానివ్వలేదు. నేను చచ్చిపోతే మా వాళ్ళ సమాధుల తోటలో ప్రార్థన చేసి పెట్టండి అంది. మాస్టారు అప్పటికే తన తల్లి అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరపాలని, అది జిల్లాకి ఆదర్శం కావాలని అందరితో చెప్పుకున్నాడు.

బంధువులారా, ఈ విషయం దగ్గర నేను కొంచెం ఆగాలి. మనం 1956 అక్టోబరు 14ను గుండెల్లో పెట్టుకున్నవాళ్ళం. బాబాసాహెబ్ ఆ రోజు తన ఇష్టంతో, ఏళ్ళ తరబడి చదివి, ఆలోచించి దీక్ష తీసుకున్నారు. ఎవరో బలవంతపెడితే కాదు. మన తల్లిదండ్రుల తరం చాలామంది అంటరానితనం నుంచి తప్పించుకోవడానికి చర్చిలో అడుగుపెట్టారు. మనకి అక్షరం వచ్చింది ఆ గుమ్మం దగ్గరే. అంగుత్తర నికాయంలో ఒక మాట ఉంది. తల్లిని ఒక భుజం మీద, తండ్రిని ఒక భుజం మీద వందేళ్ళు మోసినా రుణం తీరదు, వాళ్ళని శీలంలో, జ్ఞానంలో నిలిపితేనే తీరుతుంది అని. ఈ మాట పట్టుకుని, అమ్మని బౌద్ధురాలిని చేస్తేనే రుణం తీరుతుందని వాదించేవాళ్ళున్నారు. నిలపడం అంటే చెప్పి ఒప్పించడం. మాట పడిపోయాక శవాన్ని లాక్కోవడం కాదు. నా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివాళ్ళు విహారంలో వాదించండి.

లాయరమ్మ దాని మీద ఏమీ అనలేదట. మాస్టారు, మీ అమ్మగారు ఇప్పుడు చెప్పింది మీరు విన్నారా అని మాత్రం అడిగిందట. విన్నానన్నాడట. ఏం విన్నారో చెప్పమందట. ఆయన తన నోటితో అదంతా చెప్పాల్సి వచ్చింది. ఆఖరి మాట దగ్గర ఆగిపోయాడని చెల్లెలు చెప్పింది.

మంచి మాటకి అయిదు లక్షణాలు బుద్ధుడు చెప్పాడు. సమయానికి చెప్పాలి, నిజం చెప్పాలి, మెత్తగా చెప్పాలి, పనికొచ్చేది చెప్పాలి, మైత్రితో చెప్పాలి. ఆ గదిలో గోడ మీద ఏ సుత్తమూ రాసి లేదు. ఆ లాయరమ్మ బౌద్ధురాలు కూడా కాదు. అయినా ఈ అయిదూ అక్కడ నడిచాయి. మా విహారంలో మొదటి రెండే నడిచాయి, అదీ సగమే.

మూడు కూర్చోళ్ళ తర్వాత ఒప్పందం రాసుకున్నారు. తల్లి తన ఇంట్లోనే ఉంటుంది. పెద్దకొడుకు ప్రతి నెలా అయిదో తారీఖు లోపల ఆరు వేలు తల్లి బ్యాంకు ఖాతాలో వేస్తాడు. నెలలో రెండు రోజులు, ఎండాకాలం సెలవుల్లో పది రోజులు పెద్దకొడుకు కుటుంబం ఊరొచ్చి చూసుకోవాలి, ఆ రోజుల్లో చిన్నకోడలు పుట్టింటికి పోవచ్చు. కూతురు డబ్బు ఇవ్వలేదు, దసరాకీ సంక్రాంతికీ వచ్చి వారం చొప్పున ఉంటుంది. తల్లి బతికుండగా ఇల్లు ఎవరి పేరుకీ మార్చకూడదు, ఏ కాగితం మీదా వేలిముద్ర అడగకూడదు. మూడు నెలలకోసారి అందరూ ఫోన్లోనైనా కూర్చుని లెక్క చూసుకోవాలి. ఎవరి ఆరోగ్యం మారినా ఒప్పందం మళ్ళీ మాట్లాడుకోవచ్చు. ఈ చివరి మాట అందరూ రాయించుకోవాలి, ఎందుకంటే ముసలితనం ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండదు.

కూతురి వాటా గురించి అక్కడే స్పష్టంగా చెప్పారు. బౌద్ధులకి వర్తించే 1956 హిందూ వారసత్వ చట్టం చూసినా, క్రైస్తవులకి వర్తించే 1925 భారత వారసత్వ చట్టం చూసినా, వీలునామా రాయకుండా పోయిన తల్లి ఆస్తిలో కూతురికి కొడుకులతో సమాన వాటా ఉంది. పెళ్ళిలో కట్నం ఇచ్చాం కదా అన్న మాట చట్టం ముందు నిలవదు. మన ముందు కూడా నిలవకూడదు.

ఇక ప్రతి తగువూ మధ్యవర్తి దగ్గరికి పోవాల్సిందేనా? కాదు. తిండి పెట్టకుండా మాడ్చినా, కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా, నిద్రలో వేలిముద్ర వేయించుకున్నా, అక్కడ రాజీ మాట ఎత్తకండి. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య రాజీ అంటే బలహీనుడు ఇంకొంచెం వదులుకోవడమే. ఈ సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? మతిమరుపు జబ్బు ముదిరి తన ఇష్టం తాను చెప్పలేని మనిషి విషయంలో కూడా, ఆ మనిషి తరఫున నిలబడే వేరే మనిషి లేకుండా కూర్చోకూడదు.

అలాంటప్పుడు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. డివిజన్ స్థాయిలో ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. అరవై నిండినవాళ్ళెవరైనా అర్జీ పెట్టవచ్చు. కన్నవాళ్ళయితే అరవై నిండనక్కర్లేదు. తాను రాలేకపోతే తన తరఫున ఇంకొకరు, లేదా ఒక సంస్థ పెట్టవచ్చు. మన సంఘాలు చెయ్యగల పని ఇది. లాయరు అవసరం లేదు. కొడుకులే కాదు, కూతుళ్ళు, పెద్దయిన మనవలు కూడా బాధ్యులే. నోటీసు ఇచ్చిన తొంభై రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. నెలకి పది వేల వరకు ఇప్పించవచ్చు. విచారణకి ముందు ట్రిబ్యునల్ ఈ తగువును రాజీ అధికారికి అప్పగించవచ్చు, ఆయన నెలలోపు ప్రయత్నించి ఫలితం చెప్పాలి. అంటే ఆ చట్టంలోనూ అయిదో మనిషికి చోటుంది. వృద్ధులని చూడాల్సినవాళ్ళు వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా ఉన్నాయి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ముసలాయన ఫోన్లో పెద్ద అక్షరాలతో దాన్ని పెట్టివ్వండి, అవసరం ఉన్నా లేకపోయినా.

ఆస్తి రాసిచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. నన్ను చూసుకుంటావన్న నమ్మకంతో రాస్తున్నాను అని నోటితో అనుకుంటే చాలదు. ఆ చట్టం 23వ సెక్షన్ కింద, చూడని పిల్లల దగ్గర్నుంచి రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయించుకోవచ్చు. అయితే పోషించాలన్న షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దానపత్రం రాసేటప్పుడే అన్నం, బట్ట, మందు, ఉండటానికి చోటు ఇవ్వాలనే షరతును డాక్యుమెంటులో రాయించండి. దస్తావేజు లేఖరి అదెందుకు అంటే వినకండి. అసలు బతికుండగా రాసివ్వకపోతే ఇంకా మంచిది.

మన విహారాల్లో ఏం చెయ్యవచ్చు అని కొందరు అడుగుతున్నారు. ప్రతి విహారం నుంచి ఇద్దరు, అందులో ఒకరు తప్పకుండా ఉపాసిక, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళి పారా లీగల్ వాలంటీర్లుగా శిక్షణ అడగండి. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో సముదాయ మధ్యవర్తిత్వం గురించి వేరే అధ్యాయమే ఉంది, ముగ్గురు మధ్యవర్తుల పద్ధతి అందులో చెప్పారు. ఆ ముగ్గురిలో మనవాళ్ళు ఉండాలంటే ముందు మనం నేర్చుకోవాలి. సొంత బంధువుల తగువులో మాత్రం కూర్చోకండి. తగువు పడ్డవాళ్ళలో ఒకరు మన సంఘం నాయకుడైతే అసలే కూర్చోకండి. మేం కూర్చున్నాం.

ఒప్పందం అయ్యి ఏడాది దాటింది. మాస్టారు ఒక రెండు నెలలు డబ్బు ఆలస్యం చేశాడు, మూడు నెలల లెక్కలో చెల్లెలు ఫోన్లో అడిగితే కట్టాడు. ఎండాకాలం పది రోజులు ఊరొచ్చి ఉన్నాడు. మూడో రాత్రికే వెన్ను పట్టేసిందని తమ్ముడి భార్యకి ఫోన్ చేసి, అమ్మని పక్కకి తిప్పేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో అడిగాడట. పుట్టింట్లో ఉన్న ఆ అమ్మాయి వీడియో కాల్ పెట్టించి చూపించింది. తమ్ముడు మాత్రం ఇంకా విహారానికి రావడం లేదు. పోయిన పున్నమికి నేనే వెళ్ళి పిలిచాను. ఆటో తుడుచుకుంటూ చూద్దాంలే అన్నా అన్నాడు. లోపల్నించి వాళ్ళమ్మ, ఎవరయ్యా వచ్చింది, టీ తాగి పొమ్మను అని కేకేసింది.